రొమ్ము గడ్డ ముక్కతో పాటు మూడు సమయాలు, రెండు స్లైడ్లు పంపండి: సర్జన్లకు, పాథాలజిస్టులకు, కణజాల బ్యాంకులకు బహిరంగ లేఖ

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేసే సర్జన్లకు, థియేటర్ నర్సులకు, పాథాలజిస్టులకు, తీసిన గడ్డను పరిశీలించి కోసే గ్రాసింగ్ బల్ల దగ్గర పనిచేసే టెక్నీషియన్లకు, కణజాల బ్యాంకులు నడిపేవారికి,

నమస్కారం.

మీరు తీసిన గడ్డలోంచి చిన్న ముక్క మా దగ్గరికి వస్తుంది. దాన్ని పొడి చేసి, కరిగించి, ప్రోటీన్లను పెప్టైడ్లనే చిన్న తునకలుగా కోసి, ఒక్కో పెప్టైడ్ బరువును మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలవడం మా పని. ఒక్క గడ్డలో వేలకొద్దీ ప్రోటీన్లను, వాటి మీద అతుక్కున్న ఫాస్ఫేట్ గుర్తులను ఇంకా ఎక్కువ సంఖ్యలో చదవగలిగే స్థాయికి ఈ పద్ధతి వచ్చింది. అయినా ఫలితం నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు మా యంత్రం దగ్గర తేలదు. మీ థియేటర్‌లో, మీ బల్ల మీద, ముక్క ఫ్రీజర్ చేరేలోపే తేలిపోతుంది. మా వైపు జరిగే తప్పుల్లో చాలావాటిని పట్టుకోవచ్చు, కొన్నింటిని మళ్లీ చేసి సరిదిద్దుకోవచ్చు. ముక్క ఎంతసేపు బల్ల మీద ఉందో ఎవరూ రాయకపోతే మాత్రం దాన్ని తర్వాత తెలుసుకునే దారి లేదు.

మా విన్నపం ఇది. ప్రతి ముక్కతో పాటు మూడు సమయాలు రాసి పంపండి. గడ్డకు రక్తం ఆగిన సమయం, ముక్క శరీరం నుంచి బయటికి వచ్చిన సమయం, అది ద్రవ నైట్రోజన్‌లోనో ఫార్మలిన్‌లోనో పడిన సమయం. రొమ్ములో కొంత భాగమే తీసే ఆపరేషన్లలో రక్తం ఫలానా నిమిషంలో ఆగిందని చెప్పడం కుదరదు. అప్పుడు గడ్డ చుట్టూ కోత పూర్తికావచ్చిన సమయం రాస్తే చాలు. దానితో పాటు ఆ ముక్క పైముఖం నుంచి ఒకటి, కింది ముఖం నుంచి ఒకటి, హెచ్ అండ్ ఈ రంగు (కణాలు కనిపించేలా పాథాలజీలో మామూలుగా వేసే రంగు) వేసిన రెండు స్లైడ్లు కావాలి. ఎందుకు ఇంత పట్టుబడుతున్నామో వివరంగా చెబుతాం.

రక్తం ఆగిన కణం వెంటనే చచ్చిపోదు. ఆక్సిజన్ అందక తల్లడిల్లుతుంది, ఒత్తిడి సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాలు నడిచేదే ఫాస్ఫేట్లతో. కైనేజ్ అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ అనేది ఊడదీస్తుంది, ఈ లెక్క క్షణక్షణం మారుతుంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో అండాశయ క్యాన్సర్ గడ్డలను, ఎలుకల్లో పెంచిన మనుషుల రొమ్ము గడ్డలను తీసిన వెంటనే కొంత, 5, 30, 60 నిమిషాల తర్వాత కొంత గడ్డకట్టించి పోల్చారు. ప్రోటీన్ల మొత్తాల్లో గంటసేపటికి కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫాస్ఫేట్ గుర్తుల్లో మాత్రం దాదాపు నాలుగో వంతు వరకు మారాయి, ఒత్తిడి కైనేజ్‌ల దారుల్లో మార్పు తొలి నిమిషాల్లోనే మొదలైంది. అంటే, ఆలస్యంగా గడ్డకట్టించిన ముక్కను మేం కొలిచి "ఈ గడ్డలో ఒత్తిడి కైనేజ్ దారి చురుగ్గా ఉంది" అని రాస్తే, అది క్యాన్సర్ చేసిన పనో, ట్రేలో గడిచిన ఇరవై నిమిషాలు చేసిన పనో చెప్పలేం. ఆ దారిని అడ్డుకునే మందు ఏదన్న ప్రశ్నకు జవాబు ఆ కొలత మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

పాథాలజీ వాళ్లకు ఈ గడియారం కొత్తది కాదు. చికిత్సను నిర్ణయించే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 ప్రోటీన్ల పరీక్షల కోసం ముక్క గంటలోపు ఫార్మలిన్‌లో పడాలని, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలని మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ గంట గడువు ఆ ప్రోటీన్లను రంగుతో చూపే ఇమ్యునో పరీక్షలకు సరిపోతుంది. ప్రోటీన్ మొత్తాలను కొలవడానికీ పనికొస్తుంది. ఫాస్ఫేట్లకు చాలదు. వాటికి గడువును నిమిషాల్లో లెక్కపెట్టాలి.

సమయం ఎక్కడ పోతుందో చూస్తే తిలా పాపం తలా పిడికెడు అన్నట్టే ఉంటుంది. సర్జన్ ముక్కకు దిక్కులు తెలిసేలా దారాలు కుట్టడానికి కొంత, అంచుల ఎక్స్‌రేకు కొంత, లిఫ్ట్ దగ్గర కొంత, ఇంకు పూసి ఆరబెట్టడానికి కొంత. ఏ ఒక్కరూ నిర్లక్ష్యం చేయలేదు, అందరూ రోగికి అవసరమైన పనే చేశారు. ఆ పనుల్లో దేన్నీ మానమని మేం అడగం. సమయం రాయమనే అడుగుతున్నాం. 12 నిమిషాలని తెలిసిన ముక్కకూ 55 నిమిషాలని తెలిసిన ముక్కకూ రెండింటికీ ఉపయోగం ఉంది, రెండోదాన్ని ఫాస్ఫేట్ లెక్కలోంచి తీసేసి ప్రోటీన్ లెక్కలో ఉంచుతాం. "సుమారు 30" అని ప్రతి గొట్టం మీదా ఒకే అంకె ఉన్న పెట్టె వస్తే మాత్రం దేన్నీ నమ్మలేం.

దీనికి పెద్ద ఉదాహరణ అందరికీ తెలిసిన ప్రాజెక్టులోనే ఉంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నడిపే ప్రోటీన్ కన్సార్టియం 2016లో 105 రొమ్ము గడ్డల ప్రోటీన్లను, ఫాస్ఫేట్లను కొలిచి ప్రచురించింది. అవి అంతకుముందు జన్యు అట్లాస్ కోసం, అంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ పరీక్షల కోసం దాచిన ముక్కలు. నాణ్యత పరీక్షలో నిలిచినవి 77 మాత్రమే, మిగతా 28 గడ్డలను విశ్లేషణలోంచి పక్కనపెట్టాల్సి వచ్చింది. డీఎన్ఏ గట్టి అణువు, ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. జన్యు పరీక్షకు బాగున్న ముక్క ప్రోటీన్ పరీక్షకూ బాగుంటుందనుకోవద్దని ఆ అంకెలే చెబుతున్నాయి. 2020లో అదే కన్సార్టియం, చికిత్స మొదలుకాని 122 గడ్డలతో మళ్లీ చేసింది. ఈసారి ముక్కలను మొదటినుంచీ ప్రోటీన్ల పనికోసమే సేకరించారు.

ఇక ముక్కను ఎలా గడ్డకట్టించాలి. మొదటి మాట, నిర్ధారణకు కావలసింది నిర్ధారణకే. గడ్డ సెంటీమీటరు లోపుంటే మాకేమీ వద్దు. అంచు మీద ఇంకు ఉన్న భాగం వద్దు. ఎక్కడ కోయాలో పాథాలజిస్టే చెప్పాలి. ఆ తర్వాత, 50 నుంచి 100 మిల్లీగ్రాముల ముక్క, మందం 5 మిల్లీమీటర్లు దాటకుండా కోయండి. బఠాణీ గింజలో సగమంత అనుకుంటే సరిపోతుంది. కాటరీతో (వేడితో కోసే పరికరంతో) కాలిన ముఖం ఉంటే కోసేయండి, అక్కడి ప్రోటీన్లు ఉడికిపోయి ఉంటాయి. ముక్క మీద రక్తం ఉంటే పొడి గాజుగుడ్డతో అద్దండి. సెలైన్‌లో నానబెట్టవద్దు, సెలైన్‌లో తడిపిన గుడ్డలో చుట్టవద్దు. ముక్క ఎండిపోకూడదని చేసే ఈ మంచిపని మాకు రెండు విధాల చెరుపు. ఒకటి కాలహరణం, రెండు సోడియం. ప్రోటీన్లతో పాటు కొవ్వు అణువులనూ కొలుస్తాం. ముక్కలోకి దిగిన సోడియం ప్రతి కొవ్వు అణువుకూ అంటుకుని, యంత్రం గీసే గ్రాఫ్‌లో దాని శిఖరాన్ని రెండుమూడుగా చీలుస్తుంది. రొమ్ము గడ్డల్లో సాధారణంగా కనిపించే ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే ఒక కొవ్వు అణువు బరువు కొలతలో (m/z) ప్రోటాన్‌తో 760.58 దగ్గర, సోడియంతో 782.57 దగ్గర, పొటాషియంతో 798.54 దగ్గర కనిపిస్తుంది. ఒకే అణువు మూడు చోట్ల. ఒక్కో ముక్కలో ఉప్పు ఒక్కోలా ఉంటే, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న పోలికే చెడిపోతుంది.

గొట్టం ముందే చల్లబరిచి, పేరు చీటీ ముందే అంటించి ఉండాలి. ముక్క చేతికొచ్చాక చీటీ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. మూతగట్టిన గొట్టంలో పెట్టి ద్రవ నైట్రోజన్‌లో వేస్తే ప్రోటీన్ల పనికి చాలు. కణజాలం మీద ఏ అణువు ఎక్కడుందో చిత్రంగా చూసే ఇమేజింగ్ పని అయితే వేరు. అప్పుడు ముక్కను నేరుగా నైట్రోజన్‌లో పడేస్తే చుట్టూ ఆవిరి పొర కట్టి అసమానంగా గడ్డకట్టి పగులుతుంది. అల్యూమినియం రేకుతో చిన్న పడవ చేసి, అందులో ముక్కను పరిచి, నైట్రోజన్ మీద తేల్చండి. లేదా నైట్రోజన్‌తో చల్లార్చిన ఐసోపెంటేన్ అనే ద్రవంలో ముంచండి. తర్వాత −80 డిగ్రీల ఫ్రీజర్. మంచు పేరుకోని రకం −20 ఫ్రీజర్‌లో "సాయంత్రం దాకా" ఉంచడం మాత్రం వద్దు. మంచు కరిగించుకోవడానికి అది తనంతట తాను వేడెక్కి చల్లబడుతూ ఉంటుంది, ముక్క ప్రతిసారీ కొంచెం కరుగుతుంది. పంపేటప్పుడు డ్రై ఐస్ ప్రయాణానికి సరిపోయేదానికంటే ఎక్కువే వేయండి, పెట్టెలో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం పెట్టండి. కరిగి మళ్లీ గట్టిపడ్డ ముక్క చూపుకు మామూలుగానే ఉంటుంది.

గడ్డకట్టిన కణజాలాన్ని పలచని పొరలుగా కోసే క్రయోస్టాట్ యంత్రం దగ్గర వాడే ఓసీటీ జిగురు గురించి విడిగా చెప్పాలి. అందులో ఉన్నవి పాలీ ఇథిలీన్ గ్లైకాల్, పాలీ వినైల్ ఆల్కహాల్ లాంటి పాలిమర్లు. మా యంత్రంలోకి వెళ్తే 44 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దూరంతో వరసగా, దువ్వెన పళ్లలా శిఖరాలు లేస్తాయి, వాటి కింద మన పెప్టైడ్లు అణగిపోతాయి. పెప్టైడ్లను విడదీసే సన్నని గొట్టంలో (కాలమ్‌లో) చేరితే తర్వాతి నమూనాలకూ అంటుకుంటుంది. ముక్కను అందులో ముంచకండి. పట్టు కోసం కింద ఒక్క చుక్క వేసి, కత్తి తగలని వైపు అతికించండి, లేదా నీటి మంచుతోనే అతికించండి. ఇప్పటికే ఓసీటీలో దాచినవి ఉంటే పారేయొద్దు. 70 శాతం ఇథనాల్‌తో, చల్లటి నీటితో కడిగి ప్రోటీన్ల వరకు కాపాడవచ్చు. మాకు ముందే చెప్పాలి, అంతే. ఇమేజింగ్‌కు మాత్రం అవి పనికిరావు. ఇంకో మాట. రొమ్ములో కొవ్వు ఎక్కువ, −20 దగ్గర అది గట్టిపడదు, కత్తికి మెత్తగా ముద్దై అంటుకుంటుంది. క్రయోస్టాట్ లోపలి ఉష్ణోగ్రత −25 నుంచి −30 దాకా దించి, 10 లేదా 12 మైక్రాన్ల పొరలు తీయండి.

రోగికి ఇచ్చిన పదార్థాలు కూడా మా తెర మీద కనిపిస్తాయి. సెంటినల్ గ్రంథిని (క్యాన్సర్ మొదట పాకే లింఫ్ గ్రంథిని) వెతకడానికి మిథిలీన్ బ్లూ రంగు వాడితే 284.12 దగ్గర ఒక్క శిఖరం ఆకాశమంత లేస్తుంది. స్థానిక మత్తు లిడోకైన్ 235.18 దగ్గర. నాణ్యత లేని ప్లాస్టిక్ గొట్టాల నుంచి జారే ఎరుకమైడ్ 338.34 దగ్గర. వీటిని తెలిసి పక్కనపెట్టడం సులువు. తెలియకపోతే "క్యాన్సర్ ముక్కల్లో మాత్రమే కనిపించే కొత్త అణువు" అని ఎవరో ఒకరు రాసేస్తారు. క్యాన్సర్ వైపే రంగు ఎక్కించారు కాబట్టి అది నిజంగానే క్యాన్సర్ ముక్కల్లోనే ఎక్కువ కనిపిస్తుంది! అందుకే ఏ రంగు, ఏ మత్తు, ఏ ఇంకు వాడారో చీటీ మీద ఒక్క గీత చాలు.

ఇప్పుడు ఆ రెండు స్లైడ్ల సంగతి. మైక్రోస్కోపు కింద మీరు గడ్డ కణాలనే చూసి అంకె వేస్తారు. మేం ముక్క మొత్తాన్ని రుబ్బుతాం. గడ్డ కణాలు, నారపొర, కొవ్వు, రక్తనాళాలు, తెల్లకణాలు అన్నీ ఒకే గొట్టంలో కలిసిపోతాయి. ఒక గడ్డ కణాల్లో ఫలానా ప్రోటీన్ 800 పాళ్లు ఉందనుకుందాం, చుట్టుపక్కల కణాల్లో లేదనుకుందాం. ముక్కలో ప్రోటీన్ 80 శాతం గడ్డ కణాలదైతే మా అంకె 640 వస్తుంది. 30 శాతమే అయితే 240. గడ్డ అదే, ప్రోటీన్ అదే. మారింది చుట్టూ ఉన్న నారపొర. స్లైడ్ లేకపోతే ఈ రెండు అంకెలను రెండు రకాల క్యాన్సర్లుగా చదువుతాం. ఒకే స్లైడ్ ఎందుకు చాలదంటే, 5 మిల్లీమీటర్ల ముక్కలో పైన నిండా గడ్డ ఉండి కింద కొవ్వు తప్ప ఏమీ లేకపోవడం రొమ్ములో మామూలు విషయం. లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్‌లో కణాలు ఒక్కొక్క వరసగా నారపొరలోకి పాకుతాయి కాబట్టి అక్కడ ఈ లెక్క మరీ కీలకం.

పోలికకు పంపే "మామూలు కణజాలం" మాకు అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది. మామూలు రొమ్ము అంటే ఎక్కువ భాగం కొవ్వు, నారపొర, మధ్యలో కొద్దిపాటి గ్రంథి కణాలు. గడ్డ అంటే ఎక్కువ భాగం గ్రంథి నుంచి పుట్టిన కణాలు. రెండింటినీ పోలిస్తే కొవ్వు కణాల ప్రోటీన్లైన పెరిలిపిన్, అడిపోనెక్టిన్, ఎఫ్ఏబీపీ4 గడ్డలో బాగా తగ్గాయని, గ్రంథి కణాల్లో ఉండే కెరటిన్లు బాగా పెరిగాయని గొప్పగా తేలుతుంది. అంటే గడ్డలో కొవ్వు కణాలు తక్కువ అని. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. పోలిక అర్థవంతంగా ఉండాలంటే గ్రంథి కణాలున్న చోటు నుంచి మామూలు ముక్క తీయాలి, లేదా లేజర్‌తో పాల నాళాలను మాత్రం కోసి తీసుకోవాలి, లేదా గడ్డలనే ఒకదానితో ఒకటి పోల్చాలి. మామూలు ముక్కకు కూడా స్లైడ్ కావాలని అడిగేది ఇందుకే.

కెరటిన్ అన్న మాట వచ్చింది కాబట్టి ఒక విషయం దగ్గరగా చూపిస్తాం. ప్రోటీన్లు కొలిచే ప్రయోగశాలలన్నిటికీ కెరటిన్ అంటే దుమ్ము. చర్మం పొట్టు, వెంట్రుక, ఉన్ని బట్ట నుంచి నమూనాలో పడుతుంది. అందుకే లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌లో మాలిన్యాల జాబితా ఒకటి ఉంటుంది, అందులోని ప్రోటీన్లన్నీ ఫలితాల నుంచి ఎగిరిపోతాయి. వేరే కణజాలంలో ఇది మంచిదే. రొమ్ములో కాదు. కెరటిన్ 5, 14, 17 బేసల్ రకం గడ్డలను గుర్తుపట్టే ప్రోటీన్లు. కెరటిన్ 8, 18, 19 పాల నాళాల లోపలి వరస (ల్యూమినల్) కణాలవి. జాబితాను గుడ్డిగా వాడితే ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని) గడ్డల ముఖ్య లక్షణాన్ని మనమే చెరిపేసినట్టు. జాబితాను పూర్తిగా తీసేస్తే చేతి తొడుగు లేకుండా ముట్టుకున్న ముక్క బేసల్ గడ్డలా కనిపిస్తుంది, ఎందుకంటే 5, 14 చర్మంలోనూ ఉంటాయి. తేడా పట్టించేవి కెరటిన్ 1, 2, 9, 10. ఇవి ప్రధానంగా చర్మం పై పొరలవి. కెరటిన్ 5తో పాటు ఇవీ ఎగిస్తే అది చర్మమే, ఇవి లేకుండా 5, 14, 17 మాత్రం ఎగిస్తే గడ్డే. గడ్డ చర్మానికి అతుక్కుని ఉన్న కేసుల్లో ఈ లెక్క కూడా తడబడుతుంది. కాబట్టి ముక్కలో చర్మం ఉంటే చీటీ మీద రాయండి. కొత్త తొడుగులు వేసుకుని, శుభ్రమైన బ్లేడుతో కోయండి.

ఫార్మలిన్‌లో ఉంచాక మైనంలో పోసి దాచే పారఫిన్ దిమ్మెల గురించి చాలామంది మమ్మల్ని అడుగుతారు. పనికొస్తాయి. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం, 10 మైక్రాన్ల మందం ఉన్న పొర అంటే ఒక ఘన మిల్లీమీటరు, సుమారు ఒక మిల్లీగ్రాము కణజాలం. అందులోంచి పదుల మైక్రోగ్రాముల ప్రోటీన్ వస్తుంది. యంత్రంలోకి ఒకసారి ఎక్కించేది ఒక మైక్రోగ్రాము లోపే. కాబట్టి పాథాలజిస్టు స్లైడ్ మీద గడ్డ చుట్టూ గీత గీసిస్తే, పక్క పొరల్లో ఆ మేరకే గీకి తీసుకుని ప్రోటీన్లు కొలవవచ్చు. మైనం తీసేసి, పీహెచ్ 8 నుంచి 9 మధ్య ఉన్న బఫర్‌లో 95 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు వేడిచేస్తే ఫార్మలిన్ వేసిన ముడులు చాలావరకు విడిపోతాయి. విడిపోనివి లైసిన్ అనే అమైనో ఆమ్లాల మీద 12 లేదా 30 డాల్టన్ల అదనపు బరువుగా మిగిలిపోతాయి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ అలాంటి లైసిన్ల దగ్గర కోయలేదు. దిమ్మె ఫార్మలిన్‌లో ఎక్కువ రోజులు ఉన్నకొద్దీ ఈ కోయని చోట్లు పెరుగుతాయి. శుక్రవారం సాయంత్రం ఫార్మలిన్‌లో వేసిన ముక్క సోమవారం ఉదయానికి 72 గంటల లోపే ఉంటుంది. సోమవారం కూడా సెలవైతే గడువు దాటుతుంది. అలాంటి దిమ్మెల జాబితా ఉంటే మాకు ఇవ్వండి.

ఫాస్ఫేట్ల కోసం మాత్రం దిమ్మెలను నమ్మకండి. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుందని లెక్క. పది మిల్లీమీటర్ల మందం ముక్కను అలాగే వేస్తే నడిబొడ్డుకు చేరడానికి ఐదు గంటలు. అప్పటిదాకా మధ్యలోని కణాలు ఊపిరాడక ఫాస్ఫేట్లను తారుమారు చేస్తూనే ఉంటాయి. గంటలోపు ఫార్మలిన్‌లో పడిందని రిజిస్టరులో ఉంటుంది, నిజానికి పడింది అంచు మాత్రమే. 5 మిల్లీమీటర్లకు ఒక కోత పెట్టి, ముక్కకు పదింతల ఫార్మలిన్ పోయాలన్న నియమం ఇందుకే ఉంది. కొవ్వు అణువులు కూడా దిమ్మెల్లో చాలావరకు దొరకవు, జైలీన్‌లో కరిగిపోతాయి. ప్రోటీన్ల మీద ఉండే చక్కెర గొలుసులు మాత్రం నిలుస్తాయి, పీఎన్‌జీఏజ్ ఎఫ్ అనే ఎంజైమ్ చల్లి వాటిని ఊడదీసి పొర మీదే చిత్రించవచ్చు.

మా వైపు ఏం తప్పులు జరుగుతాయో కూడా మీకు తెలియాలి, అడగడానికి మీకు హక్కు ఉంది. ప్రోటీన్లను కరిగించే యూరియా 8 మోలార్ ద్రావణాన్ని 37 డిగ్రీలు దాటి వేడిచేస్తే అది విరిగి పెప్టైడ్ల మీద 43 డాల్టన్ల తొడుగు వేస్తుంది. ట్రిప్సిన్ వేసేముందు దాన్ని 2 మోలార్ లోపుకు పలుచన చేయకపోతే ఎంజైమ్ సగం పనిచేసి ఆగిపోతుంది. ఎంజైమ్ ఒక పాలుకు ప్రోటీన్ 50 పాళ్లు మామూలు కొలత. రొమ్ము ముక్కలో ఉండే కొవ్వు తేటగా పైన తేలుతుంది. పిపెట్ కొనను దాని కిందికి దించి నెమ్మదిగా తీయాలి, తొందరపడితే ఆ పొర కాలమ్‌లోకి వెళ్లి 75 మైక్రాన్ల సందును మూసేస్తుంది. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ మిగిలితే సిగ్నల్ చస్తుంది. ఇవన్నీ నాణ్యత నమూనాల్లో బయటపడతాయి.

బయటపడనిది నమూనాలు ఏ చోటు నుంచి, ఏ క్రమంలో వచ్చాయన్నది. ఒక ఆసుపత్రి ట్రిపుల్ నెగటివ్ గడ్డలే పంపి, వాటిని 15 నిమిషాల్లో గడ్డకట్టించి, ఇంకో ఆసుపత్రి ల్యూమినల్ గడ్డలే పంపి, వాటిని గంటకు గడ్డకట్టిస్తే, ఏ గణితమూ క్యాన్సర్ రకాన్ని ఆలస్యం నుంచి విడదీయలేదు. సమయాలు, రకాలు ముందే మా చేతిలో ఉంటే నమూనాలను కలగాపులగం చేసి, ప్రతి విడతలోనూ అన్ని రకాలూ, అన్ని చోట్లవీ ఉండేలా చూస్తాం. ఫలితాలు వచ్చాక పంపిన వివరాలు ఇక్కడ పనికిరావు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇదంతా రోగికి ఎక్కడ తగులుతుందో హెర్2 చూపిస్తుంది. రంగు పరీక్షలో 0, 1+, 2+, 3+ అంకెలు మొదట పుట్టింది 3+ గడ్డలను విడదీయడానికి. 2022లో హెర్2 మీద గురిపెట్టే మందు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ ఫలితాలు వచ్చాక 1+ గడ్డకూ 0 గడ్డకూ మధ్య గీత చికిత్సను నిర్ణయించే గీత అయింది. ఆ చివర కంటి చూపు తడబడుతుంది, ఇద్దరు నిపుణులు ఒకే స్లైడ్‌కు వేర్వేరు అంకెలు వేస్తారు. హెర్2 పెప్టైడ్‌ను బరువైన ఐసోటోపులతో తయారుచేసి, లైసిన్‌తో ముగిసేదైతే 8 డాల్టన్లు, ఆర్జినిన్‌తో ముగిసేదైతే 10 డాల్టన్లు ఎక్కువ ఉండేలా, తెలిసిన మోతాదులో కలిపి పక్కపక్కనే కొలిస్తే, మైక్రోగ్రాము ప్రోటీన్‌కు ఇన్ని అట్టోమోల్స్ అని అంకె వస్తుంది. తక్కువ స్థాయిలో ఈ పద్ధతికి బలం ఉంది. అయితే పైన చెప్పిన 640, 240 లెక్క ఇక్కడే కాటేస్తుంది. 30 శాతం గడ్డ ఉన్న పొరను గీకి ఇస్తే నిజంగా హెర్2 ఉన్న గడ్డ కూడా లేనట్టు చదువుతుంది. ఆ రోగికి మందు అందకపోవచ్చు. రంగు పరీక్షను మానేయమని మేం చెప్పడం లేదు. ఈ కొలతను రంగు పరీక్ష పక్కన నిలబెట్టి చూడాలంటే గీత గీసిన స్లైడ్ తప్పనిసరి అంటున్నాం.

థియేటర్‌లోనే కొలిచే పరికరాల మాట సర్జన్లు తరచు ఎత్తుతారు. కాటరీ పొగను పీల్చి కొవ్వు అణువులను చదివే కత్తి 2013లో, 10 మైక్రోలీటర్ల నీటి చుక్కను మూడు సెకన్లు ఆనించి చదివే పెన్ను 2017లో వెలుగులోకి వచ్చాయి. అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా అన్న ప్రశ్నకు అవి ఆశ కలిగించేవే. రొమ్ములో వాటి ఇబ్బంది కొవ్వే. పాల నాళాల్లో దాగిన డీసీఐఎస్ (నాళం దాటని తొలి దశ క్యాన్సర్) దీవులు చిన్నవి, చుట్టూ కొవ్వు సముద్రం. కొవ్వులోని ట్రైగ్లిజరైడ్ల సిగ్నల్‌లో అవి మునిగిపోతాయి. కొలిచిన చోటునుంచే ముక్క తీసి పాథాలజీకి పంపి సరిచూస్తేనే ఆ పరికరాలకు సరైన శిక్షణ దొరుకుతుంది. పక్క నుంచి తీస్తే కాదు.

ఫాస్ఫేట్ల కోసం అసలైన మంచి ముక్క ఆపరేషన్‌లో కాదు, సూది బయాప్సీలో దొరుకుతుంది. రక్తం ఆడుతున్న గడ్డలోంచి వస్తుంది, నిమిషంలోపు నైట్రోజన్‌లో వేయవచ్చు. 14 గేజ్ సూదితో వచ్చే ఒక పోగు సుమారు పది, ఇరవై మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, నేటి పద్ధతులకు అది చాలు. మొదటి పోగులన్నీ నిర్ధారణకు పోవాలి. రోగి ఒప్పుకుని, డాక్టరు సరేనంటే చివరి పోగు ఒక్కటి మాకు. సూది మీద జెల్ ఉంటే అద్ది తీసేయండి.

మీరు ఇవి పంపితే మేం ఏం ఇస్తామో కూడా రాతపూర్వకంగా చెబుతున్నాం. ముక్క అందిన రోజే అది గడ్డకట్టి ఉందా కరిగిందా అని మీకు తెలియజేస్తాం. పొడి చేయడానికి ముందు రెండు స్లైడ్లూ మీ పాథాలజిస్టుతో కలిసి చూసి, గడ్డ శాతం ఎంతో ఇద్దరం సంతకం పెట్టిన అంకె వాడతాం. గడ్డ శాతం చాలని ముక్కను రుబ్బకుండా తిరిగి పంపుతాం, ఎందుకంటే అది ఒక మనిషి నమ్మకంతో ఇచ్చిన ముక్క, ఇంకో పనికి ఉపయోగపడవచ్చు. మేం పక్కనపెట్టిన ప్రతి నమూనాకూ కారణం రాసి ఇస్తాం. మీ సమయాల పట్టికను ఫలితాలతో పాటే ప్రచురిస్తాం.

చీటీ నమూనా మేమే తయారుచేసి పంపుతాం. అరచేతిలో సగం ఉంటుంది, −196 డిగ్రీల దగ్గర కూడా ఊడని జిగురుతో. మీరు నింపాల్సింది మూడు సమయాలు, రంగు, మత్తు, చర్మం ఉందా లేదా, రాసినవారి పొడి అక్షరాలు. థియేటర్‌లో ఆ చీటీ ఎవరి చేతిలో ఉండాలో మీ యూనిట్‌లో ఒక్క పేరు తేల్చి మాకు చెప్పండి. ఆ మనిషి సెలవులో ఉన్న రోజున రెండో పేరు ఎవరిదో కూడా.

ఇట్లు,
మీ ముక్కలను కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ బృందం